అమెరికాలో గడియారాలను మార్చే అధికారం రైల్వే కంపెనీలకు ఎక్కడిది?

ప్రశ్న (చరిత్ర విద్యార్థిని):
అమెరికా రైల్వేల చరిత్ర చదువుతుండగా ఒక విషయం నన్ను ఆపేసింది. 1883 నవంబరు 18, ఆదివారం నాడు అక్కడి రైల్వే కంపెనీలు దేశాన్ని కాలమండలాలుగా విభజించి గడియారాలను మార్చాయట. అప్పటికి కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) అలాంటి చట్టమేదీ చేయలేదు. కోట్ల మంది దినచర్యను నడిపే సమయాన్ని ప్రైవేటు కంపెనీలు మార్చడమేమిటి, జనం దానికి ఒప్పుకోవడమేమిటి?

సమాధానం (పాత పట్టాలు):
అంతకుముందు ఏ ఊరికి ఆ ఊరి మధ్యాహ్నమే, అంటే అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళే, ప్రమాణం. గుర్రపు బండి ప్రయాణాల కాలంలో ఊరికీ ఊరికీ నాలుగైదు నిమిషాల తేడా ఎవరికీ అడ్డు రాలేదు. రైలు వచ్చాక ఒక్కో కంపెనీ తన ప్రధాన నగరపు సమయాన్ని లైను పొడవునా పాటించడంతో, దేశంలో సుమారు యాభై రకాల రైల్వే సమయాలు చలామణీలోకి వచ్చాయి. ఇది ప్రయాణికుల ఇబ్బందితో ఆగలేదు. ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే రైళ్లను వేరుగా ఉంచేవి వేళల పట్టికా, సిబ్బంది జేబు గడియారాలే. 1853 ఆగస్టులో రోడ్ ఐలండ్‌లో ఒక కండక్టర్ గడియారం వెనకబడినందువల్ల రెండు రైళ్లు ఢీకొని 14 మంది మరణించారు.

కంపెనీల ఉమ్మడి సమావేశానికి కార్యదర్శిగా ఉన్న విలియం అలెన్ 75, 90, 105, 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశాలను ఆధారం చేసుకొని పథకం రూపొందించారు. మార్పు రోజున న్యూయార్క్ గడియారాలు దాదాపు నాలుగు నిమిషాలు వెనక్కి జరిగాయి. అంటే అక్కడ ఆ రోజు మధ్యాహ్నం రెండుసార్లు వచ్చిందన్నమాట.

సమాధానం (గ్రంథాలయవాసి):
పై వివరణకు ఒక సవరణ. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. రెండు మండలాల సరిహద్దుకు దగ్గరగా ఉన్న డెట్రాయిట్ చాలా ఏళ్లు తన సూర్య సమయాన్నే పట్టుకొని ఉంది. కాంగ్రెస్ ఈ మండలాలకు చట్టబద్ధత కల్పించింది 1918 మార్చి 19న మాత్రమే. చట్టం లేని ఆ ముప్పై నాలుగేళ్లూ ఏర్పాటు నిలవడానికి కారణం సులభంగానే కనిపిస్తుంది: ఉత్తరాలు, సరకులు, ప్రయాణాలు అన్నీ రైలు వేళను బట్టే సాగుతున్నప్పుడు ఊరి గడియారం వేరుగా ఉంటే నష్టపోయేది ఆ ఊరే. కంపెనీలు కలిసికట్టుగా ఎంత పని చేయగలవో 1886లో మరోసారి రుజువైంది. దక్షిణ రాష్ట్రాల్లో అయిదడుగుల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న సుమారు 11,500 మైళ్ల మార్గాన్ని మే 31, జూన్ 1 తేదీల్లో, అంటే రెండే రోజుల్లో, దాదాపు ఉత్తరాది కొలతకు మార్చేశారు.

సమాధానం (పొలంగట్టు):
ప్రశ్నలోని ‘ప్రైవేటు’ అనే మాట దగ్గర నాకు అభ్యంతరముంది. పసిఫిక్ తీరానికి లైను వేసే కంపెనీలకు 1862 చట్టం మైలుకు పది చదరపు మైళ్ల భూమిని కేటాయించింది. 1864లో దాన్ని రెట్టింపు చేశారు. ఆ నేల అక్కడి ఆదివాసీ జాతుల చేతుల్లోంచి పోయిన నేల. సియెర్రా నెవాడా కొండలను తొలిచినవారిలో అత్యధికులు చైనా కార్మికులు. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ సమ్మిట్ వద్ద తూర్పు, పడమరల నుంచి వచ్చిన పట్టాలు కలిసేనాటికి ఇంతమంది సొత్తూ శ్రమా అందులో కలిసి ఉన్నాయి.

జనం కంపెనీల మాటనల్లా తలవంచి విన్నారని కూడా అనుకోకండి. గడియారం మారితే పోయేది నాలుగు నిమిషాలు. సరకు రవాణా ఛార్జీ పెరిగితే పోయేది పంట మీద వచ్చే రాబడి. ఒకే రైల్వే దిక్కయిన చోట దగ్గరి గమ్యానికి దూరపు గమ్యం కంటే ఎక్కువ వసూలు చేసేవారు, రైతుల ఆగ్రహమంతా దాని మీదే. గ్రాంజ్ అనే రైతు సంఘాల ఉద్యమంతో కొన్ని రాష్ట్రాలు ఛార్జీలకు హద్దులు పెట్టాయి. రాష్ట్రాల మధ్య నడిచే రవాణా ఛార్జీలను నియంత్రించే అధికారం రాష్ట్రాలకు లేదని సుప్రీంకోర్టు 1886లో తీర్పు ఇవ్వగా, మరుసటి ఏడాదే కాంగ్రెస్ అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌ను నెలకొల్పింది. సమయం విషయంలో కాంగ్రెస్ 1918 దాకా ఆగగలిగింది కానీ, ఛార్జీల విషయంలో రైతులు దాన్ని ఆగనివ్వలేదు.