హైస్కూలు పాఠాలు పెద్దయ్యాక ఎక్కడ అక్కరకొస్తాయి?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల పుస్తకం ముందేసుకుని, "ఇవన్నీ రేపు ఎక్కడ వాడతామమ్మా?" అని అడిగితే నాకు జవాబు తోచలేదు. మీ అనుభవం చెప్పగలరా?

జవాబు 1: నాకు వడ్డీ లెక్కలు ఉపయోగపడ్డాయండీ. పుస్తకంలో వడ్డీ రేటును ఏడాదికి చెబుతారు, మా చిత్తూరు వైపు అప్పిచ్చేవారు నూటికి నెలకు రెండు రూపాయలంటారు. వినడానికి స్వల్పంగానే ఉన్నా అది ఏడాదికి 24 శాతమనీ, 50,000 రూపాయలకు 12,000 అవుతుందనీ కాగితం మీద వేసి చూపించాకే మా నాన్నగారు ఆ అప్పు ఆలోచన మానుకున్నారు.

జవాబు 2: తిరుపతిలో ఇంటి స్థలం కొనేవారికి క్షేత్రమితి, అంటే వైశాల్యాల లెక్క, తప్పదు. ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు. నాకు చూపిన స్థలం ముందువైపు 40 అడుగులు, వెనుకవైపు 36, లోతు 50 ఉండగా, అమ్మేవారు 40ని 50తో గుణించి 2,000 చదరపు అడుగులన్నారు. సమలంబ చతుర్భుజ సూత్రంతో, అంటే ముందు వెనుక కొలతల సగటు 38ని లోతు 50తో గుణిస్తే, అది 1,900 మాత్రమే. దాదాపు మూడు అంకణాల ధర మిగిలింది. (ఆ సూత్రాన్ని బెత్తం దెబ్బలతో నేర్చుకున్నాను లెండి.)

జవాబు 3: లెక్కలొక్కటే కాదు. సచివాలయంలో అర్జీ ఇవ్వవలసి వచ్చినప్పుడు తెలుగు వాచకంలోని లేఖారచనే నన్ను ఆదుకుంది. అయితే ఆదాయపు పన్ను గురించి మాత్రం బడిలో నాకెవరూ చెప్పలేదు.