మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్ 2014లో పుట్టిందా?

గచ్చిబౌలి_గ్యాలరీ: 2014లో వచ్చిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)కి ముందు మనకి జాతీయ లీగే లేదంటాడు మా ఆఫీసులో ఒకడు. పాతవి చూసినవాళ్లెవరైనా చెప్పండి.

పాతబస్తీ_హాఫ్‌బ్యాక్: భలేవాడే! నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్) 1996లోనే మొదలైంది. తొలి కప్పు కోల్‌కతాకీ పోలేదు, గోవాకీ పోలేదు. పంజాబ్ ఫగ్వారాలోని బట్టల మిల్లు జట్టు జేసీటీ కొట్టింది, స్ట్రైకర్ భైచుంగ్ భూటియా అప్పుడు అందులోనే. 2011లో ఆ జట్టునే ఎత్తేశారు. 2005-06 ఛాంపియన్ మహీంద్రా యునైటెడ్ అంతకు ఏడాది ముందే పోయింది. కంపెనీ జట్లు కదా, పైవాళ్ల మనసు మారితే అంతే సంగతులు.

మడ్గావ్_మూర్తి: నేను గోవా క్లబ్బు డెంపో పార్టీ. ఎన్ఎఫ్ఎల్ రెండు, 2007లో అదే లీగ్ ఐ-లీగ్ అయ్యాక మూడు, మొత్తం ఐదు టైటిళ్లు. టీవీలో రికార్డులు ఐఎస్ఎల్ నుంచే లెక్కపెడుతుంటే ఒళ్లు మండుతుంది.

కొండదారి: 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో స్టేడియంలో ఉన్నా. ఐ-లీగ్ టైటిల్ రావాలంటే మిజోరం క్లబ్బు ఐజాల్‌కి డ్రా చాలు. తొమ్మిదో నిమిషంలోనే షిల్లాంగ్ జట్టు లాజాంగ్ గోల్ కొట్టేసింది. మిజోరం నుంచి తరలివచ్చిన జనం మాత్రం అరుపులు ఆపలేదు. 67వ నిమిషంలో ఐజాల్ ఆటగాడు లాల్‌నున్‌ఫెలా సమం చేశాక ఇక ఒకటే గోల. ఒక్క పాయింటు తేడాతో కోల్‌కతా మోహన్ బగాన్‌ని దాటేశారు. ముందు సీజన్‌లో కిందికి పడిపోయిన జట్టండీ అది! గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దొరికింది.

మడ్గావ్_మూర్తి: ఊరికే తప్పుకున్నారా? ఐఎస్ఎల్‌ని పైన కూర్చోబెట్టి ఐ-లీగ్‌ని కిందికి నెడతామన్నందుకే. 2019-20కల్లా అదే చేశారు.

గచ్చిబౌలి_గ్యాలరీ: అంటే 2014 నుంచి 2019 దాకా ఐ-లీగ్ ఛాంపియన్లే అసలు ఛాంపియన్లా?

పాతబస్తీ_హాఫ్‌బ్యాక్: నా లెక్కలో అవును. ఆసియా ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయర్లకి వెళ్లింది కూడా వాళ్లే. ఐఎస్ఎల్ మొదట్లో రెండు మూడు నెలల తమాషా.

టోలీచౌకీ_టెన్: తమాషా అనకండన్నా, మన హైదరాబాద్ ఎఫ్‌సీకి దక్కిందే అది. 2022 ఫైనల్, 88వ నిమిషంలో తవోరా కొట్టిన షాట్, ఆపైన గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీలు... 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది.

కొండదారి: మన హైదరాబాద్‌లోనే ఉన్న శ్రీనిధి డెక్కన్‌ని చూడరేం? 2022-23లో, 2023-24లో ఐ-లీగ్ రెండో స్థానం. మొదటి స్థానం వచ్చుంటే ఐఎస్ఎల్‌కి ప్రమోషనే. ఆ రెండేళ్లూ పంజాబ్, మొహమ్మదన్ పైకెళ్లింది అలాగే.