ఇంగ్లండ్ ప్రైమరీ బడిల కొత్త టీఏ: మాట వినని పిల్లగానితోటి ఎట్ల?

అడిగింది, నల్లగొండ చెల్లె: సోమవారం నుంచి టీచింగ్ అసిస్టెంట్ పని. ఇయర్ 2, ఆరేడేండ్ల పిల్లలు. ఒక పిల్లగాడు పుస్తకాలు విసురుతడు, టేబుల్ కింద దూరుతడు అని ముందే చెప్పిన్రు. ఇక్కడ ఏం చేయాలె, ఏం చేయొద్దు?

మిర్యాలగూడ అక్క: చెల్లె, ముందుగాల బడి బిహేవియర్ పాలసీ చదువు, బడి వెబ్‌సైట్‌లనే ఉంటది. హెచ్చరిక ఎన్నిసార్లు, ఆ తర్వాత ఏంది అన్నది బడిబడికీ వేరే. సొంతంగ శిక్షలు కనిపెట్టకు. చెవి పిండుడు, గోడకుర్చీ, గుంజిళ్లు అన్నీ మర్చిపో. ఇక్కడ సర్కారు బళ్లల్ల 1987 నుంచే కొట్టుడు బంద్. (మన దగ్గర కూడ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అదే చెప్పింది. "నాలుగు తగిలియ్యండి సారూ" అనేటోళ్లకు ఎవరు చెప్పాలె!)

చెప్పేటప్పుడు పేరు పిలువు, ఇటు మళ్లేదాక ఆగు, నాలుగైదు మాటలల్ల చేయాల్సిన పనే చెప్పు. "ఉరకకు" కాదు, "నడువు". చెప్పినంక మనసుల పది లెక్కపెట్టు. మనోళ్లు తప్పేది ఈడనే: రెండు సెకండ్లకే మళ్ల చెప్తం, మూడోసారికి గొంతు లేస్తది. మొదటి మాట వాని చెవిల పడి అర్థమయ్యేలోపే రెండోది మీద పడుతది. ఎదురుంగ నిలబడకు, పక్కకు కూసో. కండ్లల్లకు చూడమని పట్టుబట్టకు, ఆటిజం ఉన్న పిల్లలకు అది పెద్ద బరువు.

పాలమూరు అన్న: విసురుడు సంగతి నేను చెప్త. ఎందుకు విసురుతుండో తెల్వకుంటే ఏ మందూ పని చెయ్యదు. రెండు వారాలు మూడు గడుల కాగితం రాయి, ఇక్కడ ఏబీసీ చార్ట్ అంటరు: ముందు ఏమైంది, ఏం చేసిండు, వెనక ఏమైంది. టైము తప్పక వెయ్యి. తిండి బెల్లుకు ముందే జరుగుతుంటే ఆకలేమో చూడు. పని మార్చేటప్పుడైతే ఐదు నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఒకసారి చెప్పి ఇసుక గడియారం పెట్టు.

అసలు చిక్కు మూడో గడిల ఉంటది. రాసుడు పాఠంల విసిరిండు, బయటికి పంపిన్రు, రాసుడు తప్పింది. ఇదే మళ్లమళ్ల కనవడితే, విసిరితే రాసే పని ఉండదని మనమే నేర్పినట్టు. చల్లవడ్డంక లోపలికి తెచ్చి ఒక్క వాక్యం రాయించు, పేజీ కాదు. బొమ్మల బోర్డు మీద "ఇప్పుడు" కింద వాక్యం, "తర్వాత" కింద ఐదు నిమిషాలు లెగో. వాక్యం అయినంక "ఇంకొక్కటి రాయి బిడ్డా" అన్నవనుకో, ఆ బోర్డును వాడు మళ్ల నమ్మడు. కాగితాలు క్లాస్ టీచర్‌కు, సెన్‌కోకు చూపియ్యి. సెన్‌కో అంటే బడిల ప్రత్యేక అవసరాల పిల్లలకు సాయం ఏర్పాట్లు చూసే టీచర్.

నల్లగొండ చెల్లె: టేబుల్ కింద దూరితే బయటికి గుంజాల్నా అన్నా?

సూర్యాపేట వదిన: గుంజకమ్మా. కింద ఉన్నంతసేపు ఎవరికీ దెబ్బ తగుల్తలేదు కదా. కత్తెర్లు పక్కకు తీసి, మిగతా పిల్లల పని నడిపియ్యి. చూసేటోళ్లు లేకుంటే సగం సార్లు వాడే వస్తడు. ఎవరికన్న దెబ్బ తగిలేటట్టుంటే అవసరమైనంత మేర పట్టుకోవచ్చని ఇక్కడి 2006 విద్యా చట్టం సిబ్బందికి అధికారమిచ్చింది, శిక్షగ మాత్రం పట్టుకోరాదు. ట్రైనింగ్ ఉన్నోళ్లను పిలుచుడు మేలు.

ఆ రోజే రాసిపెట్టు. "మొండికేసిండు" అని కాదు, "10:40కు పుస్తకం నేలకు కొట్టిండు, 12 నిమిషాలు టేబుల్ కింద ఉన్నడు" అని. ఇంటి సంగతి ఏదన్న భయపడుకుంట చెప్తే, ఎవ్వరికీ చెప్పనని మాటియ్యకు, తవ్వి అడగకు. వాని మాటలల్లనే రాసి సేఫ్‌గార్డింగ్ లీడ్‌కు, అంటే బడిల పిల్లల రక్షణ చూసేటోళ్లకు, అదే రోజు అప్పజెప్పు. గేటు కాడ వాళ్లమ్మతోటి నువ్వు మాట్లాడకు, అది క్లాస్ టీచర్ పని. మన తెలుగోళ్ల పిల్లగాడైతే ఇంకా జాగ్రత్త, వాట్సాప్ గ్రూపుల పేరు గూడ ఎత్తకు.