దీపావళి సెలవుల్లో కెయిర్న్స్: నాన్నగారితో సగం రోజు రీఫ్ ఫిషింగ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న (ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి)

అందరికీ నమస్తే. అమ్మా నాన్నా ఆగస్టులో మా దగ్గరికి వస్తున్నారు. నాన్నకి 67 ఏళ్లు. మాది అంతర్వేది దగ్గర ఊరు. ఆయన చిన్నప్పట్నుంచీ గోదావరి పాయల్లో వెదురు గాలం వేసిన మనిషే గానీ, పడవెక్కి నడిసముద్రంలోకి ఎప్పుడూ వెళ్లలేదు. దీపావళికి నాలుగు రోజులు లీవు పెట్టి కెయిర్న్స్ వెళ్లి, ఒక పూట గ్రేట్ బారియర్ రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బలు) మీద ఫిషింగ్ చార్టర్, అంటే చేపలు పట్టించే అద్దె పడవ, ఎక్కిద్దామని నా ఆలోచన. పొద్దున ఏడింటికి బయల్దేరి పన్నెండుకల్లా తిరిగొస్తామని ఆ పడవవాళ్లు రాశారు. ఆ అయిదు గంటల్లో నిజంగా చేపలు పడతాయా? లైసెన్సు కావాలా? పెద్దాయనకి వాంతులవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. పట్టిన చేపల్ని బ్రిస్బేన్ తెచ్చుకోవచ్చా? అమ్మ సందేహం ఒక్కటే: చేప తలకాయలు మనకి ఇస్తారా, వాళ్లే పారేస్తారా?

జవాబు (టౌన్స్‌విల్ నుంచి)

బ్రదర్, బుక్ చేసే ముందు ఒకసారి క్యాలెండర్ చూడండి. దీపావళి అంటే అమావాస్య. మన క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో అక్టోబర్, నవంబర్ అమావాస్యల చుట్టూ అయిదేసి రోజులు రీఫ్ చేపలు పట్టడం నిషేధం. కోరల్ ట్రౌట్ లాంటివి ఆ రోజుల్లోనే గుంపులుగా చేరి గుడ్లు పెడతాయి. మన పండగా వాటి పండగా ఒకేసారి వస్తాయన్నమాట! నాకు ఈ సంగతి తెలియక ఒక ఏడాది దీపావళికే ఫ్రెండ్స్‌ని పిలిచి, పడవ ట్రైలర్ మీదే ఉంచి టపాసుల వీడియోలు చూసుకుంటూ కూర్చున్నాం. మన వంజరం, అదే ఇక్కడివాళ్ల స్పానిష్ మాకరెల్, దానికీ ఆ నెలల్లో వేరే నిషేధం ఉంది. ఫిషరీస్ శాఖ ఏటా తేదీలు ప్రకటిస్తుంది. అవి చూసుకున్నాకే టికెట్లు కొనండి.

సముద్రంలో గాలం వేయడానికి ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు. కొన్ని రిజర్వాయర్లకు మాత్రం పర్మిట్ ఉంటుంది, అది మీకు సంబంధం లేదు. కాకపోతే సైజులు, లెక్కలు గట్టిగా ఉంటాయి. కోరల్ ట్రౌట్ 38 సెంటీమీటర్లకు తక్కువైతే నీళ్లలోకి వదిలేయాల్సిందే, మనిషికి ఏడుకి మించి ఉంచుకోకూడదు. రెడ్ ఎంపరర్‌కి 55 సెంటీమీటర్లు. గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్కులో మూడో వంతు గ్రీన్ జోన్, 2004 నుంచి అక్కడ గాలం వేయకూడదు. ఇవన్నీ కెప్టెనే చూసుకుంటాడు, మీరు మ్యాపు బట్టీ పట్టనవసరం లేదు.

ఇక అయిదు గంటల లెక్క. కెయిర్న్స్ నుంచి దగ్గరి గ్రీన్ ఐలండే 27 కిలోమీటర్లు. రీఫ్ దాకా వెళ్లడానికి గంట, రావడానికి గంట. లంగరు వేయడం, చోటు మార్చడం తీసేస్తే గాలం నీళ్లలో ఉండేది రెండు, రెండున్నర గంటలు. మొదటిసారి వెళ్లే పెద్దాయనకి అది తక్కువేమీ కాదు. నేనైతే ఎనిమిది గంటల ట్రిప్పు కంటే ఇదే నయమంటాను. ఎండలో, ఊగే పడవలో నాలుగో గంట నుంచి చేపల మీద కంటే ఒడ్డు మీద ధ్యాస ఎక్కువవుతుంది.

జవాబు (కెయిర్న్స్ నుంచి, ఫార్మసీలో పనిచేస్తాను)

తమ్ముడూ, వాంతుల మాత్ర పడవెక్కాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి. ఎంత ముందన్నది మందును బట్టి ఉంటుంది, పెట్టె మీద చూడండి. కానీ నాన్నగారికి ప్రోస్టేట్ ఇబ్బంది గానీ గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) గానీ ఉందా? ఇక్కడ షాపుల్లో దొరికే కొన్ని మాత్రల్లో హయోసిన్ అనే మందు ఉంటుంది. ఆ రెండింట్లో ఏది ఉన్నా అది పడదు. ప్రోస్టేట్ ఉంటే మూత్రం బిగబట్టేస్తుంది, గ్లకోమా ఉంటే కంట్లో ఒత్తిడి పెంచుతుంది. బీపీ, షుగర్ మందుల పేర్లు రాసుకుని కౌంటర్‌లో చూపించండి, మేం చెప్తాం. ఆ పొద్దున ఖాళీ కడుపుతో పంపొద్దు, అలాగని పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలో, టోస్టో చాలు. పడవలో వెనక వైపు నిలబడి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూస్తుండమనండి. కిందికి వంగి ఎర గుచ్చుతుంటేనే తిప్పుతుంది, ఆ పని మీరు చేసిపెట్టండి.

పడవలో టాయిలెట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. చిన్న పడవల్లో ఉండదు. మా మామగారు ఆ సంగతి సముద్రం మధ్యలోనే తెలుసుకున్నారు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ ఆగ్నేయం గాలి బాగా కొడుతుంది. ఇరవై నాట్లు (గంటకి దాదాపు 37 కిలోమీటర్ల గాలి) అని చెప్తే మాత్రం ఇంకో రోజుకి మార్చమనండి, మొహమాటపడొద్దు.

జవాబు (గోల్డ్ కోస్ట్ నుంచి)

నాది వేరే సలహా. నాన్నగారు గోదావరి పాయల మనిషి కదా, రీఫ్ దాకా ఎందుకు? కెయిర్న్స్ ఊరిని ఆనుకునే ట్రినిటీ ఇన్లెట్ ఉంది. మడ చెట్లు, ఉప్పుటేరు, పెద్ద అలలుండవు. అక్కడ పడే బారముండి మన పండుగప్పే. సగం రోజులో ఎక్కువ భాగం గాలం నీళ్లలోనే ఉంటుంది. తూర్పు తీరంలో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా బారముండి పట్టకూడదు, నవంబర్‌కి ముందే వెళ్లండి. ఇంకో మాట. చార్టర్ పేరులో 'రీఫ్' ఉంటే రీఫ్‌కే తీసుకెళ్తారనుకోకండి. మమ్మల్ని ఒకరు గాలి ఎక్కువుందని చెప్పి ఒడ్డు పక్కన రాళ్ల దగ్గరే నాలుగు గంటలు తిప్పారు, డబ్బు మాత్రం రీఫ్ ట్రిప్పుది తీసుకున్నారు. వాతావరణం బాగోకపోతే ఏం చేస్తారో ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. దీపావళి ప్లాన్ మానేశాం, సెప్టెంబర్ చివర్లో స్కూలు సెలవులకి మార్చాం. పండుగప్ప గురించి నాన్నకి చెప్తే, "పండుగప్ప తినడానికి ఆస్ట్రేలియా దాకా రావాలా, రీఫే చూపించు" అన్నారు. అమ్మ ప్రశ్నకే ఎవరూ జవాబు చెప్పలేదు. తలకాయల పులుసు సంగతేంటి?

జవాబు (టౌన్స్‌విల్ నుంచి)

కావాలనే దాన్ని చివరికి ఉంచాను, కాస్త వివరంగా చెప్పాలి. పగడాల మీద పెరిగే నాచులో ఒక సూక్ష్మజీవి ఉంటుంది, అది విషం తయారుచేస్తుంది. నాచు తిన్న చిన్న చేపని పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతే, విషం పైవాటిలో పేరుకుంటుంది. దీన్ని సిగ్వటేరా అంటారు. చేప చూడ్డానికి బాగుంటుంది, వాసన రాదు, రుచి మారదు. చింతపండు పులుసులో గంట మరిగించినా, ఫ్రీజర్‌లో నెల పెట్టినా విషం పోదు. వాంతులు, విరేచనాలు, మూతి తిమ్మిరి, చల్లనీళ్లు తాకితే కాలినట్టుండటం దీని లక్షణాలు. కొందరికి ఆ తిమ్మిరి వారాల తరబడి ఉంటుంది.

ఈ విషం మాంసంలో కంటే తల, కాలేయం, గుడ్లలో ఎక్కువ. అంటే మనం ఇష్టంగా తినే భాగాల్లోనే. అందుకే పెద్ద రీఫ్ చేప తలకాయ పులుసు వద్దని అమ్మగారికి నేను చెప్పానని చెప్పండి. కిలో, కిలోన్నర బరువుండే చిన్న చేపల ముక్కలు చాలు, అవి కూడా ఒకే చేపవి రోజూ తినకుండా. రెడ్ బాస్, చైనామన్ ఫిష్, పాడిల్‌టెయిల్ అనే మూడింటిని క్వీన్స్‌లాండ్‌లో ఉంచుకోవడమే నిషేధం, పడితే వెంటనే వదిలేస్తారు. ఎర్రగా, కండపట్టి బాగున్నాయే అని జాలిపడకండి.

బ్రిస్బేన్ తేవడానికి ముక్కలు గట్టిగా గడ్డకట్టించి, మూత బిగిసే చిన్న ఎస్కీలో (ఐస్ పెట్టెలో) నీళ్లు కారకుండా సర్ది చెక్-ఇన్ లగేజీలో వేయాలి. ఎయిర్‌లైన్‌ని ఒకసారి అడగండి. హోటల్ రూమ్‌లో ఫ్రీజర్ లేకపోతే మాత్రం ఈ కథంతా దండగ, అక్కడే వండుకోగల అపార్ట్‌మెంట్ తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

వెళ్లొచ్చాం! మనిషికి 190 డాలర్లయింది. గాలి పన్నెండు నాట్లు, అయినా వెళ్లేటప్పుడు నాకే తిప్పింది, నాన్నకి ఏమీ కాలేదు. ఫార్మసీ అక్క చెప్పినట్టు ఎర గుచ్చే పని నేను చేశాను, ఫలితం నేనే అనుభవించాను.

మొదటి అరగంట నాన్నకి ఒక్కటీ పడలేదు. మనూళ్లో బెండు మునిగే దాకా ఆగి అప్పుడు లాగడం అలవాటు. ఇక్కడ బెండు లేదు, ముప్పై మీటర్ల లోతులో సీసం గుండు, దారం మీద వేలు పెట్టుకుని కూర్చోవాలి. టక్కుమనగానే లాగకపోతే కోరల్ ట్రౌట్ పగడం సందులోకి దూరి దారం తెంపేస్తుంది. రెండు గాలాలు అలా పోయాయి. డెక్ మీదున్న కుర్రాడు గుండు అడుగు తాకగానే రెండు చుట్లు పైకి తిప్పి ఉంచమన్నాడు, మూడోసారికి ఆయనకి పట్టు దొరికింది. 44 సెంటీమీటర్ల ట్రౌట్, నారింజ రంగు ఒంటి మీద నీలం చుక్కలు. ఆ కొలబద్ద మీద దాన్ని పెట్టినప్పుడు నాన్న మొహం చూడాల్సింది. తర్వాత ఒకదాన్ని సగం దాకా లాగేసరికి సొర వచ్చి, తల ఒక్కటే మిగిల్చింది. నాన్న దాన్ని చూసి, "మీ అమ్మకి ఇది కూడా దక్కనివ్వరు" అన్నారు.

మొత్తం ట్రౌట్‌లు రెండు, స్వీట్‌లిప్‌లు మూడు ఉంచుకున్నాం. ముక్కలు కోసిచ్చారు, తలలు వదిలేశాం. అమ్మ ఆ రాత్రి అపార్ట్‌మెంట్‌లో కారం పట్టించి వేయించింది. పులుసు పెట్టలేదనే కోపం మాత్రం ఇంకా ఉంది.

కెయిర్న్స్ అక్కా, రేపొద్దున మళ్లీ వస్తున్నాం. నాన్న ఇప్పుడు ట్రినిటీ ఇన్లెట్ చూడాలంటున్నారు. సగం రోజు పడవల్లో టాయిలెట్ ఉన్నది ఏదైనా తెలుసా?

జవాబు (కెయిర్న్స్ నుంచి)

ఇన్లెట్‌లో ఒడ్డు పదిహేను నిమిషాల దూరంలోనే ఉంటుంది తమ్ముడూ, అడిగితే దింపుతారు. ఫోన్ చేసి అదే మాట అడిగి ఎక్కండి. దోమల మందు రాసుకోవడం మర్చిపోకండి, అక్కడ సముద్రం కంటే సన్నదోమలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.