క్యూసీలోనే ఉండాలా, రెగ్యులేటరీకి మారాలా? ఈ నెట్‌వర్కింగ్ గోల ఎంతవరకు నిజం?

మియాపూర్ కెమిస్ట్:
ఎమ్మెస్సీ చేసి పాశమైలారం వైపు ఒక ట్యాబ్లెట్ల కంపెనీలో క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) చేస్తున్నా, నాలుగైదేళ్లవుతోంది. హెచ్‌పీఎల్‌సీ, డిసొల్యూషన్, స్టెబిలిటీ శాంపిల్స్ లాంటి టెస్టులన్నీ చూస్తా, పనికి భయం లేదు గానీ షిఫ్టులతో విసుగొచ్చేసింది. బీ షిఫ్ట్ అయ్యి కంపెనీ బస్సు దిగేసరికి అర్ధరాత్రి, పాప ఎప్పుడో పడుకుని ఉంటుంది. ఇక్కడే ఉంటే వచ్చే ఏడాది సెక్షన్ ఇన్‌ఛార్జి చేస్తామంటున్నారు (అంటున్నారు, అంతే). వేరే కంపెనీలో రెగ్యులేటరీ అఫైర్స్‌లో (మందుకి ప్రభుత్వ అనుమతి కోసం కాగితాలు తయారుచేసే విభాగం) ఖాళీ ఉంది, జనరల్ షిఫ్టే, కానీ జీతం ఇప్పటికన్నా కొంచెం తక్కువ. మా బామ్మర్ది గచ్చిబౌలిలో ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు చూసే పని) ఉన్నాడు, "బావా, ఏసీలో కూర్చుని పని, వచ్చెయ్" అంటాడు.

ఇంకోటి, ఎవర్ని అడిగినా నెట్‌వర్కింగ్ చెయ్యి అంటారు. లింక్డిన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకి "డియర్ సర్" అని మెసేజ్ పెట్టాలంటే నాకు మహా మొహమాటం, కాకా పట్టినట్టే ఉంటుంది. పని వచ్చినవాడికి ఇవన్నీ అవసరమా?

మాడ్యూల్ త్రీ:
రెగ్యులేటరీలోనే ఉన్నాను కాబట్టి ఆ సంగతి చెప్తా. మీరు రోజూ ల్యాబ్‌లో తీసే డేటాయే చివరికి మా టేబుల్ మీదికొస్తుంది. స్పెసిఫికేషన్లు, మెథడ్ వ్యాలిడేషన్ సీటీడీలో (అనుమతికి పంపే ఫైలు నమూనా) 3.2.పి.5 కిందికి, స్టెబిలిటీ 3.2.పి.8 కిందికి. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు పెట్టిన శాంపిల్లో ఇంప్యూరిటీ ఎందుకు పెరిగిందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు అడిగితే, ల్యాబ్‌లో మెషిన్ ముందు నిలబడి పని చేసినవాళ్లు రాసే జవాబు వేరేగా ఉంటుంది, అది చదవగానే తెలుస్తుంది. అందుకే క్యూసీ నుంచి వచ్చినవాళ్లంటే మా దగ్గర ఇష్టం.

కానీ చేరేముందు ఒక్కటి అడగండి: డోసియర్ (ఆ అనుమతి ఫైలు) నాతో రాయిస్తారా, లేక పీడీఎఫ్‌లకి బుక్‌మార్కులు, లింకులు పెట్టిస్తారా? రెండోదైతే జీతం తగ్గించుకుని వెళ్లడం దండగ. ఫార్మకోవిజిలెన్స్‌ని తక్కువ చేయను గానీ అక్కడ మీ ల్యాబ్ అనుభవం మూలన పడుతుంది. పైగా లేబుల్‌లో లేని సీరియస్ సైడ్ ఎఫెక్ట్ రిపోర్ట్ వస్తే 15 రోజుల్లో ఎఫ్‌డీఏకి చేరాలి, ఆ టెన్షన్ ఏసీ గదిలోనూ ఉంటుంది. మీ బామ్మర్దిని షిఫ్టుల గురించి కూడా అడగండి, అవి ఉన్నాయో లేవో.

జీడిమెట్ల పాతకాపు:
తమ్ముడూ, ఈ ఊళ్లో ఫార్మా ఇంత పెరిగిందే పరిచయాల మీద. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఎంతమంది సొంతంగా కంపెనీలు పెట్టారో. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అదే ఏడాది మురళి దివి గారు అమెరికా నుంచి వచ్చి ఆయనతో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేసి, తర్వాత 1990లో సొంతంగా దివీస్ మొదలుపెట్టారు. పక్కనుండి పని చూసినవాళ్ల మధ్య ఏర్పడిన నమ్మకం అది, దాన్ని కాకా అంటే ఎట్లా?

నీ పాత టీమ్‌లోంచి మానేసి బొల్లారం, జడ్చర్ల, వైజాగ్ వెళ్లినవాళ్లు ఉంటారు కదా, వాళ్లే నీ నెట్‌వర్క్. రోజూ మాట్లాడక్కర్లేదు. మా అమ్మాయి ఎంబీఏలో చదివిందట, 1970ల్లో గ్రనోవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఆ తెలిసినాయన తరచూ కలిసేవాడేనన్నది 17 శాతం లోపేనట. మిగతావాళ్లకి ఎప్పుడో అప్పుడప్పుడు కలిసేవాళ్లే. రోజూ కలిసేవాడికి నీకు తెలిసిందే తెలుసు, కొత్త కబురు ఎక్కడినుంచొస్తుంది?

ఇంకో మాట, వెళ్లేటప్పుడు హ్యాండోవర్ శుభ్రంగా ఇవ్వు. హెచ్ఆర్ సంగతి అటుంచు, డిపార్ట్‌మెంట్ హెడ్ పాత కంపెనీలో ఎవరికో ఒకరికి ఫోన్ కొట్టి "మనిషెట్లా?" అని కనుక్కుంటాడు.

ఆదివారం వాక్‌ఇన్:
పెద్దాయన మాట కాదనను గానీ, పరిచయాలు పరిచయాలు అని అందరూ ఊదరగొడితే మాలాంటివాళ్లకి ఒళ్లు మండుతుంది అన్నా. ఊరు, కాలేజీ, కులం చూసి లోపలికి లాక్కోవడానికి కూడా ఇక్కడ అదే పేరు. నాకు వరంగల్ నుంచి వచ్చేటప్పటికి ఈ సిటీలో ఒక్కడు తెలియదు, వాక్‌ఇన్ ఇంటర్వ్యూలలో ఫైలు పట్టుకుని నిలబడే ఉద్యోగాలు తెచ్చుకున్నా. రిఫరెన్స్ గేటు దాకే, లోపల హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్‌లో టెయిలింగ్ (పీక్ తోక సాగడం) ఎందుకొచ్చిందో చెప్పాల్సింది మనమే.

అయితే ఆ లైన్లో మన ముందు, వెనక ఉండేది వేరే కంపెనీల క్యూసీ వాళ్లే. ఎక్కడ ఇంక్రిమెంట్ ఆపారు, ఎక్కడ మేనేజర్ మంచోడు అనే కబుర్లన్నీ అక్కడే తెలుస్తాయి. అలా నంబర్లు తీసుకున్నవాళ్లతో ఇప్పటికీ వాట్సాప్‌లో టచ్‌లో ఉన్నా. దీన్ని కూడా నెట్‌వర్కింగ్ అంటే సరే, నాకేం అభ్యంతరం లేదు.

మియాపూర్ కెమిస్ట్:
అందరికీ థ్యాంక్స్. మా పాత సీనియర్ ఒకాయన ఆ రెగ్యులేటరీ కంపెనీలోనే ఉన్నాడని నిన్న తెలిసి ఫోన్ చేశా, మొహమాటపడుతూనే. డోసియర్ రాయిస్తారట, మొదటి ఆరు నెలలు మాత్రం క్వెరీలకి జవాబుల డ్రాఫ్టులు. సెక్షన్ ఇన్‌ఛార్జి సంగతి మా మేనేజర్ని కాగితం మీద ఇమ్మంటే "చూద్దాం" అన్నాడు, కాబట్టి అది వదిలేసినట్టే. నాకు 90 రోజుల నోటీసు ఉంది, వాళ్లు 45కి రమ్మంటున్నారు. మిగతా నోటీసు రోజులకి కట్టాల్సిన బైఅవుట్ డబ్బులు కొత్త కంపెనీ ఇస్తుందా?

మాడ్యూల్ త్రీ:
కొన్ని ఇస్తాయి, నోటి మాట నమ్మకండి, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. మేం ఇవ్వం అంటే ఆ జీతం తేడా దగ్గరే బేరం పెట్టండి.