అప్‌డేట్: కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ మోసం – డబ్బు కొంత వెనక్కి వచ్చింది

ఫాటా నుంచి కేదార్‌నాథ్‌కి హెలికాప్టర్ టికెట్లంటూ వాట్సాప్‌లో మా బాబాయి దగ్గర యూపీఐలో డబ్బు కొట్టేశారు, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "ముందు 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి" అన్నదే. వాళ్లు అడిగేవి: 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపు రిఫరెన్స్ నంబర్), టైమ్, మొత్తం, ఏ యూపీఐ ఐడీకి వెళ్లిందో. ఇవి ఎదురుగా పెట్టుకునే చేయండి. మోసగాళ్ల మొదటి ఖాతాలోంచి డబ్బు అప్పటికే కదిలిపోయింది. అది వెళ్లిన రెండో ఖాతాలో మిగిలినది హోల్డ్‌లో పడింది, అంటే ఎవరూ తీయకుండా బ్యాంకు ఆపింది. హోల్డ్ పడినంత మాత్రాన డబ్బు దానంతటది రాలేదు, మా విషయంలో కోర్టు ఆర్డర్ కావాల్సొచ్చింది. హైదరాబాద్‌లో పోలీసులు మా కేసుని లోక్ అదాలత్‌లో పెట్టించారు, ఆర్డర్ బ్యాంకుకి చేరాక జమైంది. ఏటీఎంలో డ్రా చేసేసిన భాగం మాత్రం పోయినట్టే.

రుద్రప్రయాగ్ (కేదార్‌నాథ్ ఉన్న జిల్లా) వెళ్లి కేసు పెట్టాల్సిన అవసరమే రాలేదు, 1930 ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది. పిన్ మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు, పిన్ కొట్టింది బాబాయే కాబట్టి. బ్యాంకు డిస్ప్యూట్‌ని కూడా అదే కారణంతో మూసేశారు. "కమిషన్ ఇస్తే రికవరీ చేయిస్తాం" అని ఫోన్లొస్తాయి, అదీ మోసమే.

అసలు బుకింగ్ ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్‌లోనే, చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ నంబర్ లేనిదే ముందుకు కదలదు. ఈ వాట్సాప్ వాళ్లు ఆ నంబరే అడగలేదు. పైగా పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద కనిపించింది ఐఆర్‌సీటీసీ పేరు కాదు, ఎవరో మనిషి పేరు.