ఒంటెకు కృత్రిమ గర్భధారణ సూది ఎందుకు లేదు?

ప్రశ్న (గోపాలమిత్ర, దేవరకద్ర):
పదకొండేళ్లుగా మా మండలంలో ఆవులకు, బర్రెలకు సూదులు వేస్తున్నాను. ఈసారి కురుమూర్తి జాతరలో, పిల్లలను ఒంటె మీద తిప్పి బతుకు వెళ్లదీసుకునే ఒక కుటుంబం నన్ను పిలిచి, తమ ఆడ ఒంటెకు మగ తోడు దొరకక నాలుగేళ్లయిందని, బర్రెకు వేసినట్టే దీనికీ సూది వేయమని అడిగింది. లేదని చెప్పాను గానీ కారణం చెప్పలేకపోయాను. బర్రెలలో ప్రయోగశాల పిండంతో కర్నాల్‌లో 1990లోనే దూడ పుట్టింది కదా. ఒంటెకు, దాని దగ్గరి జాతి అయిన లామాకు ఈ పని ఎందుకు ఇంత కష్టమైంది?

జవాబు (విశ్రాంత పశువైద్యుడు, నల్లగొండ):
బర్రె తనంతట తానే అండం విడుదల చేస్తుంది. ఎద సమయం కనిపెట్టి స్ట్రా, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టం, వేయడమే మన పని. ఒంటె, లామా, అల్పాకా అట్లా కాదు. మగది కలిసిన తరువాతే, సుమారు ఒకటిన్నర రోజుకు, అండం విడుదలవుతుంది. దీనికి కలయికలోని ఒరిపిడే కారణమని చాలాకాలం అనుకున్నారు. వీర్యద్రవంలో ఉండే ఒక ప్రొటీన్, అంటే నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడేదిగా అప్పటికే తెలిసిన ఎన్‌జీఎఫ్, రక్తంలో కలిసి ఈ పని చేయిస్తుందని 2012లో తేలింది. నా వృత్తిజీవితంలో చదివిన విషయాలలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరచినది మరొకటి లేదు.

అందువల్ల స్ట్రా ఒక్కటే వేస్తే కలవడానికి అండమే ఉండదు. స్కానింగులో 1 సెంటీమీటరు దాటిన ఫాలికిల్ (అండం పెరిగే తిత్తి) కనబడినప్పుడు, అండాన్ని విడుదల చేయించే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోను ఇచ్చి, ఆపైన వీర్యం వేయాలి. ఆ వీర్యమూ తుమ్మబంకలా సాగుతుంది. వీర్యకణాలు అందులో చిక్కుకొని కదలలేవు, పలుచన చేసేవి సరిగా కలవవు, గడ్డకట్టించి కరిగించిన తరువాత చూలు నిలిచేది చాలా తక్కువ. వీర్యం గడ్డకట్టించి దాచే మీ నత్రజని డబ్బాలో ఒంటె స్ట్రా లేకపోవడానికి అసలు కారణం ఇదే.

జవాబు (పశువైద్య పీజీ విద్యార్థిని, రాజేంద్రనగర్):
డాక్టరుగారు చెప్పినదానికి పిండాల సంగతి చేరుస్తాను. స్ట్రా దారి మూసుకుపోయినచోట పిండమార్పిడి ముందుకు వచ్చింది. గల్ఫ్ దేశాలలో పందెంలో గెలిచే ఆడ ఒంటెను మైదానం నుంచి తప్పించకుండానే, దానికి హార్మోన్లు ఇచ్చి, మగదానితో కలిపి, ఏడెనిమిది రోజులకు పిండాలను కడిగి తీసి వేరే ఒంటెల గర్భంలో పెడుతున్నారు. గర్భసంచికి చేరేసరికే ఒంటె పిండం పై పొరను వదిలించుకొని ఉంటుంది కనుక దానిని గడ్డకట్టించి దాచడం ఆవు పిండమంత తేలిక కాదు. పైగా రెండు అండాశయాలూ పనిచేసినా చూలు దాదాపు ఎప్పుడూ గర్భసంచి ఎడమ కొమ్ములోనే నిలుస్తుంది.

ప్రయోగశాలలో ఆవు అండం పక్వానికి రావడానికి సుమారు 24 గంటలు చాలు. ఒంటె అండానికి 30 గంటలకు పైగా పడుతుంది, ఆవు లెక్కన తీస్తే పచ్చిదే చేతికి వస్తుంది. లామాలో బంక వీర్యంతో పని లేకుండా, ఎపిడిడిమిస్ (వృషణం పక్కన వీర్యకణాలు నిలువ ఉండే నాళం) నుంచి తీసిన వీర్యకణాలతో, అండవాహిక కణాల తోడున పిండాలు పెంచి 1994లో చూపించారు. దుబాయిలో 2009 ఏప్రిల్ 8న పుట్టిన ఇంజాజ్ అనే పిల్ల తొలి క్లోనింగ్ ఒంటె. మాంసానికి కోసిన ఒంటె అండాశయంలోని కణాలను పెంచి, నత్రజనిలో దాచి దానిని పుట్టించారు. ఒంటె, లామా జాతులన్నింటికీ 74 క్రోమోజోములే కావడం వల్ల 1998లో ఒంటె వీర్యంతో, లామాకు అడవి బంధువైన గ్వానకోకు సంకరపిల్ల రామా కూడా పుట్టింది.

గోపాలమిత్ర:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ కుటుంబానికి ఇప్పుడు ఏమి చెప్పమంటారు? వారు మూడు రోజుల్లో వనపర్తి వైపు వెళ్లిపోతారు.

విశ్రాంత పశువైద్యుడు:
సూది కోసం ఎదురుచూడవద్దని చెప్పండి. మగ ఒంటె మదమెక్కేది చలికాలంలోనే, మన దేశంలో సుమారు నవంబరు నుంచి మార్చి దాకా. అందుచేత ఈ నెలల్లోనే మగది ఉన్న మరో జట్టు దారి ఎక్కడ కలుస్తుందో చూసుకొని, కొన్ని రోజులు అక్కడే నిలవాలి. బర్రెలా ఎద గుర్తుల కోసం కనిపెట్టుకొని ఉండనక్కరలేదు, కలయికే అండాన్ని విడుదల చేయిస్తుంది. చూలు కడితే పదమూడు నెలలు మోస్తుందని, ఆ రోజుల్లో పిల్లల సవారీ తగ్గించాలని కూడా చెప్పండి. ఒంటె వయసెంత, ఇదివరకు ఈనిందా అనేవి అడిగి ఇక్కడ రాయండి.